నూనె పట్టించిన టేకు నేల: ఒక్క గదిలో నాలుగు రకాల మెరుపు, సరిచేయడం ఎలా?

తూముగట్టు
ఆగస్టు 4, రాత్రి 9.20

సభ్యులందరికీ నమస్కారం. కోనసీమలో మా తాతగారి పెంకుటిల్లు విప్పినప్పుడు వచ్చిన టేకు దూలాలను, వాసాలను కోత మిల్లులో పలకలుగా కోయించి, హైదరాబాదులో మా ఇంటి పై అంతస్తులోని చదువుకునే గదికి నేలగా వేయించాను. గది 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు ఉంటుంది. పలకల అంచులు తిన్ననివే. గాడిలో ఇమిడే రకం కావు. కింద ఉన్న కర్ర పట్టీలకు వాటిని మరలతో బిగించి, మర తలల మీద టేకు బిరడాలు కొట్టారు.

నేలను యంత్రంతో నున్న చేయించాక, మెరుపు ఉండదని డబ్బాపై రాసి ఉన్న హార్డ్‌వ్యాక్స్ ఆయిల్‌ను (అవిసె వంటి నూనెల్లో మైనం కలిపిన చెక్క పూతను) జులై 26న ఒక పూత, 27న రెండో పూత వేయించాను. ఇవాళ్టికి ఎనిమిది రోజులైంది. కిటికీ వైపు రెండడుగుల మేర నేల అద్దంలా మెరుస్తోంది, పైగా అరచేయి ఆనిస్తే అంటుకుంటోంది. తలుపు వైపు బూడిద చల్లినట్టు తెల్లగా, కాంతి లేకుండా ఉంది. నాలుగు గోడల వెంట జానెడు వెడల్పున ముదురు రంగు పట్టీ ఏర్పడింది. నడిమధ్యన మూడు పలకలు మాత్రం, చుట్టూ ఉన్నవి చక్కగా ఆరినా, ఇంకా జిడ్డుగానే ఉన్నాయి. మిగిలిన భాగం నేను కోరుకున్నట్టే ఉంది.

పెయింటరు మొత్తం మీద వార్నిష్ ఒక పూత వేస్తే అన్నీ కలిసిపోతాయని అంటున్నాడు. మా బావగారు మొత్తం మళ్లీ యంత్రం పెట్టి గీకించమంటున్నారు. అనుభవమున్నవారు దారి చూపగలరు.

పాతమిద్దె
ఆగస్టు 4, రాత్రి 10.05

మా ఇంట్లో ఉయ్యాల బల్ల నా చిన్నప్పటి నుంచి ఉంది. పండుగ ముందు దానికి నువ్వుల నూనె రాసి నూలు గుడ్డతో తుడవడం తప్ప మేము మరొకటి చేయలేదు; ఇప్పటికీ ముఖం చూసుకోవచ్చు. ఈ పరదేశపు మైనం నూనెలు మన వానలకు తగవని నా అభిప్రాయం. జిడ్డుగా ఉన్నచోట పలుచగా నువ్వుల నూనె రాసి రుద్ది చూడండి, పాత నూనె కరిగి వస్తుంది.

చిత్రికపట్టు
ఆగస్టు 5, ఉదయం 6.40

పాతమిద్దె గారూ, పెద్దవారు, తప్పుగా అనుకోకండి. తూముగట్టు గారు దయచేసి ఆ పని చేయవద్దు. నువ్వుల నూనె ఈ నేల మీద ఎందుకు పనికిరాదో తరువాత చెప్పుకుందాం.

తూముగట్టు గారూ, వార్నిష్ మాట అసలే వద్దు. అడుగున ఆరని నూనె ఉండగా పైన గట్టి పొర వేస్తే ఆ పొర నిలవదు. ఆరు నెలల్లో పొలుసులుగా లేస్తుంది, అప్పుడు రెండూ గీకవలసి వస్తుంది. మీ బావగారి మాట తప్పు కాదు గానీ, తొందరపాటు. మీరు చెప్పిన నాలుగు లక్షణాలకు ఒకే కారణం ఉండదని నాకు అనిపిస్తోంది. అందుచేత కొన్ని ప్రశ్నలు. రెండు పూతలకు కలిపి ఎంత నూనె పట్టింది? వేసిన తరువాత తుడిచారా, తుడిస్తే ఎంతసేపటికి? పని గదిలో ఏ వైపు మొదలై ఏ వైపు ముగిసింది? డబ్బాను అడుగు నుంచి కలిపారా? గోడల పక్కన ఏ యంత్రం వాడారు, చివరి ఎమిరీ కాగితం ఎన్నో నంబరు (నంబరు తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ)? చివరిగా, ఆ జిడ్డు పలకలు మూడూ ఒకే దూలం నుంచి వచ్చినవా?

తూముగట్టు
ఆగస్టు 5, మధ్యాహ్నం 1.15

తెలిసినంతవరకు చెబుతున్నాను. ఒక్కో లీటరువి రెండు డబ్బాలు తెచ్చాను. అడుగున కొద్దిగా తప్ప రెండూ అయిపోయాయి. డబ్బా మీద ఒక లీటరు ఒక పూతకు 24 చదరపు మీటర్లకు వస్తుందని రాసి ఉంది. పెయింటరు "పాత చెక్క కదా, బాగా తాగించాలి" అని బ్రష్షుతో ధారాళంగా వేశాడు. తుడవలేదు. పని కిటికీ దగ్గర మొదలై తలుపు దగ్గర ముగిసింది. డబ్బా మూత తీయగానే వాడాడు, కలిపినట్టు నాకు గుర్తు లేదు. ఆ రెండు రోజులూ వాన, కిటికీ తలుపులు మూసే ఉన్నాయి. నేల మధ్యన పెద్ద యంత్రంతో 120 నంబరు వరకు వెళ్లారు. గోడల వెంట చేతి యంత్రం వాడారు, దానికి 60 నంబరు బిళ్లలే ఉన్నాయని ఇప్పుడు తెలిసింది. పలకల సంగతి కనుక్కోవాలి.

మరొక విషయం. అంచుల్లో చిందిన నూనెను తుడిచిన బనియన్ గుడ్డలు ఒక ప్లాస్టిక్ సంచిలో మూట కట్టి బాల్కనీలో పెట్టి ఉన్నాయి. వాటిని జిడ్డు తీయడానికి మళ్లీ వాడవచ్చా?

రసాయనశాల
ఆగస్టు 5, మధ్యాహ్నం 1.40

ముందు ఆ సంచి సంగతి చూడండి, మిగతాది తరువాత. మూట విప్పి, గుడ్డలను ఒక్కొక్కటిగా ఆరుబయట నేల మీద పరిచి, కర్రలా గట్టిపడేవరకు ఆరనివ్వండి. లేదా మూత ఉన్న ఇనుప డబ్బాలో నీళ్లు పోసి ముంచండి. ఇలాంటి నూనెలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. పరిచిన గుడ్డలో ఆ వేడి గాలికి పోతుంది. ముద్దగా చుట్టిన గుడ్డలో పోయే దారి లేక పెరిగి పెరిగి, నిప్పురవ్వ అక్కరలేకుండానే మండుకుంటుంది. ఎనిమిది రోజులు గడిచాయి కాబట్టి పెద్ద గండం దాటి ఉండవచ్చు, కానీ ఇప్పుడు మీరు మళ్లీ నూనెతో పని చేయబోతున్నారు. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలో 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజా భవనం 22వ అంతస్తులో అంటుకున్నది ఇలా వదిలేసిన అవిసె నూనె గుడ్డల వల్లే. ఆ మంటల్లో ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు పోయాయి.

తూముగట్టు
ఆగస్టు 5, మధ్యాహ్నం 2.05

పరిచాను. సంచి లోపల గుడ్డలు చల్లగానే ఉన్నాయి, కానీ చేయి కాసేపు వణికింది.

రసాయనశాల
ఆగస్టు 5, రాత్రి 8.30

ఇప్పుడు నూనె ఆరడం గురించి. నీళ్లు ఆవిరై ఆరతాయి. ఈ నూనెలు అలా ఆరవు. అవిసె నూనెలోని అణువులు ఆక్సిజన్‌ను అందుకొని ఒకదానితో ఒకటి ముడిపడి, ద్రవం కాస్తా గట్టి పొరగా మారుతుంది. ఆరుతున్నకొద్దీ బరువు తగ్గడానికి బదులు కొంత పెరుగుతుంది కూడా. ఒక నూనె ఇలా ముడిపడగలదా లేదా అన్నది అయొడిన్ విలువను బట్టి, అంటే వంద గ్రాముల నూనె ఎన్ని గ్రాముల అయొడిన్‌ను పట్టుకుంటుందో చెప్పే అంకెను బట్టి చెబుతారు; అది ఎక్కువైతే నూనె బాగా గట్టిపడుతుంది. అవిసె నూనెకు అది 170 పైన ఉంటుంది, కొబ్బరి నూనెకు 10 దరిదాపుల్లో ఉంటుంది. నువ్వుల నూనె మధ్యస్థం, సరిగా గట్టిపడదు. ఉయ్యాల బల్ల మీద పాతమిద్దె గారు చూసే మెరుపు మూడు తరాల బట్టల రాపిడిది, నూనెది తక్కువ. అదే నూనె కాళ్లతో తొక్కే నేల మీద పడితే దుమ్మును పట్టి ఉంచుతుంది.

పొర మందంగా ఉంటే పైభాగానికి ఆక్సిజన్ అంది చర్మంలా కట్టుకుంటుంది, కిందిదానికి గాలి అందదు. కిటికీలు మూసి ఉంచడం, వాన తేమ, ఈ రెండూ ఆలస్యాన్ని మరింత పెంచాయి. పైగా టేకులో సహజంగా ఉండే జిడ్డు పదార్థాల్లో కొన్ని ఈ ముడిపడడాన్నే అడ్డుకుంటాయి. అందుకే టేకుకు నూనె వేసే ముందు అసిటోన్‌తో (జిడ్డును కరిగించి ఇట్టే ఆవిరైపోయే ద్రవంతో) ఒకసారి తుడవమంటారు.

ఓక్‌నేల
ఆగస్టు 6, తెల్లవారుజాము 2.10

నేను నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఉంటాను. ఇక్కడ ఓక్ చెక్క నేలలకు ఈ రకం నూనె ఇంటింటా వాడతారు. మా ఇంట్లో నేనే మూడు గదులకు వేశాను, మొదటి గదిని నేనే పాడు చేశాను కూడా, కాబట్టి అధికారంతోనే మాట్లాడుతున్నాను.

ముందు లెక్క. మీ గది 154 చదరపు అడుగులు, అంటే 14.3 చదరపు మీటర్లు. డబ్బా లెక్క ప్రకారం పూతకు 0.6 లీటరు, రెండు పూతలకు 1.2 లీటర్లు చాలు. పాత చెక్క మొదటి పూతను కొంత ఎక్కువ పీల్చుకుంటుందనుకున్నా, రెండో పూతకు అంతకన్నా తక్కువే పట్టాలి. మీ నేల మీద అర లీటరుకు పైగా నూనె చోటు లేక పైనే నిలిచిపోయింది.

ఇక కిటికీ వైపు మెరుపు, తలుపు వైపు బూడిద. ఈ నూనె స్వతహాగా మెరుస్తుంది. మెరుపును చంపడానికి అందులో సన్నని సిలికా పొడి కలుపుతారు. అది డబ్బా నిలవ ఉన్నకొద్దీ అడుగుకు దిగుతుంది. కలపకుండా వాడితే పైన తేటగా ఉన్నది మొదట ఖర్చవుతుంది, అడుగున ఉన్న చిక్కని భాగం చివరికి వస్తుంది. మీ పని కిటికీ దగ్గర మొదలై తలుపు దగ్గర ముగిసింది. రెండో డబ్బా అడుగున ఉన్నదాన్ని ఒక చెంచాతో తీసి చూడండి. తెల్లని ముద్ద వస్తే మీ రెండు వైపుల కథకు జవాబు దొరికినట్టే.

తూముగట్టు
ఆగస్టు 6, సాయంత్రం 6.50

చెంచా అడుగుకు తగిలితే పెరుగు మీగడ లాంటి తెల్లని ముద్ద వచ్చింది. డబ్బా మీద బాగా కలపమని రాసి ఉంది. ఎన్నో భాషల్లో ఉన్నా మన భాషలో లేదని నేను చదవకుండా వదిలేశాను. ఇది చెక్క తప్పు కాదని తెలిసినందుకు మనసుకు కొంత ఊరట.

చిత్రికపట్టు
ఆగస్టు 6, రాత్రి 9.15

అయితే కిటికీ వైపు, తలుపు వైపు మందు ఒకటే: పైన నిలిచినదాన్ని తీసి, సరిగా కలిపిన నూనె పలుచగా వేయడం. ముందు కిటికీ మూలలో అడుగు చదరంలో పరీక్ష చేయండి. టర్పెంటాయిల్‌తో తడిపిన మెత్తని తెల్ల ప్యాడ్‌తో పలక పొడవునా, ఈనెల దారిలో రుద్దండి. అడ్డంగా రుద్దితే గీతలు నూనె పడగానే బయటపడతాయి. కరిగినదాన్ని వెంటనే పొడి బనియన్ గుడ్డతో ఎత్తేయండి. ఎక్కడైనా చర్మంలా కట్టి బంక ఉండలుగా లేస్తే, అంచు గుండ్రం చేసిన పుట్టీ బ్లేడుతో పలుచగా గీకి, ఆ తరువాత 120 నంబరు ఎమిరీ చేత్తో రెండు పట్లు పట్టండి. స్టీల్ ఊలు మాత్రం వాడవద్దు. ఊడిన ఇనుప నలకలు ఈనెల్లో ఇరుక్కుంటే, తేమ తగిలినచోట చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి నల్ల మచ్చలు పడతాయి. వానాకాలంలో ఆ ముచ్చట కూడా తీరుతుంది.

టర్పెంటాయిల్, అసిటోన్ రెండూ మండేవే. కిటికీలన్నీ తీసి, ఆ పూట పక్క గదిలో దేవుడి దగ్గర దీపం కూడా వెలిగించకండి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టుకోండి, లేకపోతే సాయంత్రానికి అలవాటుగా వెలిగించేస్తారు.

ఓక్‌నేల
ఆగస్టు 7, తెల్లవారుజాము 1.30

పరీక్ష బాగా వస్తే మొత్తం చేత్తో చేయనక్కరలేదు. పాలరాయి పాలిష్ చేసేవారి దగ్గర ఒకే చక్రం తిరిగే యంత్రం ఉంటుంది, అద్దెకు తెచ్చుకోవచ్చు. వారి ప్యాడ్లు మాత్రం వద్దు. వాటిలో రాతి పొడి ఉంటుంది. కొత్త తెల్ల ప్యాడ్ కొనండి. ప్యాడ్ల రంగును బట్టి గరుకుదనం మారుతుంది: నలుపు అన్నిటికన్నా కరుకు, తరువాత ఆకుపచ్చ, ఎరుపు, చివరికి మెత్తనిది తెలుపు. నేను మొదటి గదిలో ఆకుపచ్చది పెట్టి సుడిగుండాలు గీశాను.

రసాయనశాల
ఆగస్టు 7, ఉదయం 7.00

మూడు జిడ్డు పలకల గురించి ఒక చిన్న పరీక్ష. తెల్లని గుడ్డను అసిటోన్‌తో తడిపి ఒక్కో పలకను గట్టిగా తుడవండి. పసుపు, గోధుమ రంగు వస్తే అది టేకు సహజ జిడ్డు. రెండుమూడుసార్లు తుడిచి ఆరిన వెంటనే నూనె వేస్తే సరిపోతుంది. వేరే రంగు వస్తే మళ్లీ మాట్లాడుకుందాం.

తూముగట్టు
ఆగస్టు 9, రాత్రి 8.45

రెండు వార్తలు. కిటికీ మూలలో పరీక్ష ఫలించింది. అంటుకునే పొర పూర్తిగా లేచి వచ్చింది, కింద చెక్క మామూలు రంగులోనే ఉంది.

మూడు పలకల మీద మాత్రం గుడ్డ నల్లబడింది, స్కూటర్ మెకానిక్ దుకాణంలో వచ్చే వాసన వచ్చింది. ఊళ్లో మా చిన్నాన్నకు ఫోన్ చేస్తే, అసలు సంగతి బయటపడింది. ఇంటి దూలాలు చాలక, పశువుల పాక దూలం ఒకటి కూడా లారీలో వేశారట. చెదలు పట్టకుండా ఆ దూలానికి ఏటేటా వాడేసిన ఇంజన్ ఆయిల్ పూసేవారట. పై నలుపు మిల్లులోను, యంత్రం కింద పోయింది కాబట్టి మాకు తెలియలేదు.

చిత్రికపట్టు
ఆగస్టు 9, రాత్రి 9.30

ఇంజన్ ఆయిల్ ఎన్నటికీ గట్టిపడదు, పైన వేసిన నూనెనూ గట్టిపడనివ్వదు. మీరు పైపైన ఎంత తుడిచినా, ఎండాకాలం వేడికి లోపలిది మళ్లీ పైకి ఊరుతుంది. అయితే నిరాశపడకండి. దూలాన్ని కోసినప్పుడు అంచు పలకకు ఒక ముఖమే బయటిది. రెండో ముఖం దూలం గర్భంలోనిది. మీ పలకల అంచులు తిన్ననివి, మరలతో బిగించినవి. బిరడాలు తొలిచి, మరలు విప్పి, పలకను తిరగేయండి. గర్భం వైపు ముఖాన్ని ముందు అసిటోన్‌తో పరీక్షించి, శుభ్రంగా వస్తేనే బిగించండి. చిత్రికతో పక్క పలకల మట్టానికి దించి, 120 వరకు ఎమిరీ పట్టాలి. ఇంజన్ ఆయిల్ ఉన్న ముఖం కిందికి పోతుంది. అడుగున ఒక ప్లాస్టిక్ కాగితం పరచండి, పట్టీలకు అంటకుండా ఉంటుంది.

పాతమిద్దె
ఆగస్టు 9, రాత్రి 10.00

పాక దూలం పుస్తకాల గదికి రావడం గొప్ప సంగతే. గోడల పక్కన ముదురు పట్టీకి ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

ఓక్‌నేల
ఆగస్టు 10, తెల్లవారుజాము 12.50

60 నంబరు గీతలు లోతైనవి, ఎక్కువ నూనెను పట్టుకుంటాయి, అందుకే ముదురు. ఆ రంగు చెక్క లోపల ఉంది కాబట్టి టర్పెంటాయిల్‌తో పోదు. 80, 120 నంబర్లతో జానెడు వెడల్పునా వెనక్కి గీకి మళ్లీ నూనె వేయాలి. నన్నడిగితే, బీరువాలు వచ్చే గోడల దగ్గర ముట్టుకోవద్దు. కొందరు కావాలని ముదురు అంచు వేయించుకుంటారు.

తూముగట్టు
ఆగస్టు 31, ఉదయం 10.20

పని ముగిసింది, వరుసగా చెబుతాను. ఆగస్టు 16న వాన తెరిపి ఇచ్చినప్పుడు యంత్రం తెచ్చి, తెల్ల ప్యాడ్‌తో, టర్పెంటాయిల్‌తో గది మొత్తం రుద్దించాను. కిటికీ వైపు మాత్రమే పుట్టీ బ్లేడు అవసరమైంది. నలభై దాకా గుడ్డలు పట్టాయి, ప్రతి గుడ్డనూ డాబా మీద ఇటుక బరువు పెట్టి పరిచాను. మూడు రోజులు ఫ్యాన్ వేసి, కిటికీలు తీసి వదిలేశాను. మూడు పలకల్లో రెండు తిరగేస్తే గర్భం వైపు ముఖం శుభ్రంగా వచ్చింది. మూడోది దూలం మూల నుంచి వచ్చిందట, రెండు ముఖాలా నలుపే. దాన్ని తీసేసి మిగిలిన వాసం ముక్కతో కొత్త పలక కోయించాను. బీరువాలు వచ్చే రెండు గోడల దగ్గర పట్టీని అలాగే ఉంచి, మిగిలిన రెండు వైపులా గీకించాను.

కొత్త డబ్బాను కర్రతో పది నిమిషాలు అడుగు నుంచి కలిపి, గుడ్డతో పలుచగా ఒకే పూత వేశాం. ఇరవై నిమిషాలకు పొడి గుడ్డతో తుడిచాం. గది మొత్తానికి అర లీటరు కూడా పట్టలేదు. పెయింటరు పని అయ్యాక మోకాళ్ల మీద కూర్చుని నేలను అడ్డంగా చూసి, తన ఇంటి బల్లకు కూడా ఇలాగే చేస్తానన్నాడు. కిటికీకి, తలుపుకు ఇప్పుడు తేడా లేదు. తిరగేసిన పలకలు రెండూ, కొత్తదీ మాత్రం పక్కవాటికన్నా పాలిపోయి, చారలుగా కనిపిస్తున్నాయి. దీనికి కూడా ఏమైనా చేయాలా?

చిత్రికపట్టు
ఆగస్టు 31, మధ్యాహ్నం 12.10

ఏమీ చేయవద్దు. కొత్తగా కోసిన టేకు ముఖం మొదట అలాగే ఉంటుంది. వెలుతురు తగిలినకొద్దీ బంగారు గోధుమ రంగుకు తిరుగుతుంది. దాని మీద తివాచీ మాత్రం పరచకండి, పరిస్తే దాని ఆకారంలో పాలిపోయిన చోటు మిగులుతుంది.

పాతమిద్దె
ఆగస్టు 31, సాయంత్రం 5.45

తూముగట్టు గారూ, మిగిలిన నూనె కొంచెం ఇస్తే నేను మా ఉయ్యాల బల్లకు వేసి చూస్తాను. ఇంతమంది చెప్పాక నాకూ నమ్మకం కుదిరింది.

రసాయనశాల
ఆగస్టు 31, రాత్రి 8.15

పాతమిద్దె గారూ, ఆ బల్ల ఇన్నేళ్లు నువ్వుల నూనె తాగింది. దాని మీద ఇది వేస్తే ఆ పాక దూలం పలకల్లాగే జిడ్డుగా మిగులుతుంది. తప్పక చూడాలనుకుంటే అడుగు వైపు, కూర్చునేవారి బట్టలకు తగలనిచోట, ముందు అసిటోన్‌తో నాలుగుసార్లు తుడిచి అరచేయంత మేర వేసి, పదిహేను రోజులు ఆగి వేలితో ముట్టుకోండి.